ఇసుకకూ మోటారుకూ మధ్య

2025 ఏప్రిల్ 4న చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. వాటితో తయారైన అయస్కాంతాలకూ ఇదే నిబంధన. కొద్ది వారాల్లోనే జపాన్, యూరప్, అమెరికాలతోపాటు మన దేశంలోనూ వాహన కంపెనీలు బెంబేలెత్తాయి. ఎలక్ట్రిక్ స్కూటర్ల ఉత్పత్తికి కోత పడింది. కరెంటుకు లోటు లేదు, బ్యాటరీలకూ లోటు లేదు. అరచేతిలో పట్టేంత అయస్కాంతపు ముక్కలు అందకపోవడమే కారణం.

చమురు ఆగితే రోడ్డు మీదున్న బండి ఆగిపోతుంది. అయస్కాంతాలు ఆగితే ఉన్న బండ్లు తిరుగుతూనే ఉంటాయి, కొత్తవి రావు. బంకుల దగ్గర బారులు కనిపించవు కాబట్టి ఈ కొరత జనం దృష్టికి త్వరగా రాదు. కానీ బొగ్గు, చమురు నుంచి బయటపడాలని మనం పెట్టుకున్న గడువులన్నీ వెనక్కి జరుగుతాయి.

ఆ అయస్కాంతంలో అంత విశేషం ఏముంది? 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వారుగా నియోడిమియం అనే రేర్ ఎర్త్ మూలకాన్ని ఇనుము, బోరాన్‌లతో కలిపి దీన్ని రూపొందించారు. అదే పరిమాణంలో ఉన్న మామూలు ఫెర్రైట్ అయస్కాంతం కంటే దీని శక్తి దాదాపు పది రెట్లు. అందుకే చిన్న మోటారుతోనే పెద్ద బండి కదులుతుంది. ఒక్కో ఎలక్ట్రిక్ కారుకు ఒకటి రెండు కిలోలు పడతాయి. సముద్రంలో నిలబెట్టే గేర్‌బాక్స్ లేని గాలిమరలకైతే మెగావాట్‌కు సుమారు 600 కిలోలు కావాలి.

దీనికి గిట్టనిది వేడి. మోటారు లోపల వేడి వంద డిగ్రీలు దాటితే మామూలు రకం అయస్కాంతం బలం కోల్పోతుంది. కొద్దిగా డిస్ప్రోసియం లేదా టెర్బియం కలిపితే ఆ వేడిని తట్టుకుంటుంది. చైనా అనుమతుల జాబితాలో చేర్చిన ఏడింటిలో ఈ రెండూ ఉన్నాయి.

రేర్ ఎర్త్ ఖనిజాలు చాలా దేశాల్లో దొరుకుతాయి. కష్టమంతా వేరుచేయడంలోనే ఉంది. ఈ మూలకాల రసాయన గుణాలు దాదాపు ఒకటే కావడంతో ఏదీ ఒక్కసారికి విడివడదు. ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణాన్ని ఒక రకం నూనె ద్రవంతో కలిపి, తేరనిచ్చి, మళ్లీ కలపాలి. వరుసగా వందల ట్యాంకుల్లో ఇలా చేస్తే తప్ప శుద్ధమైన నియోడిమియం చేతికి రాదు. తర్వాత లోహంగా మార్చి, మిశ్రమం చేసి, కొన్ని మైక్రాన్ల పొడిగా దంచాలి. ఆ పొడికి గాలి తగిలితే నిప్పంటుకుంటుంది. అందుకే గాలి సోకకుండా, బలమైన అయస్కాంత క్షేత్రంలో రేణువులన్నీ ఒకే దిశకు తిరిగేలా అచ్చువేసి, వెయ్యి డిగ్రీలకు పైగా వేడిలో కాలుస్తారు. శుద్ధిలోనూ, అయస్కాంతాల తయారీలోనూ ప్రపంచంలో సుమారు 90 శాతం చైనాదే.

ఈ హెచ్చరిక కొత్తదేమీ కాదు. 2010లో చైనా, జపాన్‌ల మధ్య సెన్కాకు దీవుల వివాదం రాజుకున్నప్పుడు జపాన్‌కు రేర్ ఎర్త్‌ల సరఫరా నిలిచిపోయింది. మరుసటి ఏడాదికి ధరలు ఆకాశాన్నంటాయి. ఆ ధరలు చూసి అమెరికాలో కాలిఫోర్నియాలోని మౌంటెన్ పాస్ గనిని మోలీకార్ప్ కంపెనీ పునరుద్ధరించింది. ధరలు కుప్పకూలగానే 2015లో దివాలా తీసింది. జపాన్ దారి వేరు. 2011లోనే ప్రభుత్వ సంస్థ జోగ్‌మెక్, వాణిజ్య సంస్థ సోజిట్స్ కలిసి ఆస్ట్రేలియా కంపెనీ లైనాస్‌లో 25 కోట్ల డాలర్లు పెట్టి దీర్ఘకాలిక సరఫరా ఒప్పందం చేసుకున్నాయి. ధరలు పడిపోయిన రోజుల్లోనూ చెయ్యి వదల్లేదు. లైనాస్ నిలబడింది.

ఇక మన తీరం సంగతి. భీమిలి వైపు సముద్రపు ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తాయి. వాటిలో ఇల్మనైట్, గార్నెట్‌లతోపాటు తేనెరంగు మోనజైట్ రేణువులూ ఉంటాయి. నియోడిమియం ఉండేది ఆ మోనజైట్‌లోనే. దేశంలోని మోనజైట్ నిల్వల్లో అన్ని రాష్ట్రాలకంటే ఎక్కువ వాటా ఆంధ్రప్రదేశ్‌దే. అందులో థోరియం కూడా ఉండడంతో తవ్వకాలు అణుశక్తి నిబంధనలకు లోబడి జరగాలి. తీరంలోని మత్స్యకారుల బతుకులకు, ఇసుక దిబ్బలకు హాని కలగకుండా చూడడం అంతకన్నా ముఖ్యం.

ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ఒడిశాలో ఖనిజం తీస్తుంది, కేరళలోని ఆలువాలో శుద్ధి చేస్తుంది. ఆ సంస్థ పదార్థాన్ని ఏళ్ల తరబడి విశాఖ ప్రాంతంలోని ఒక జపాన్ కంపెనీ ప్లాంటులో శుద్ధిచేసి జపాన్‌కు పంపారు. ఇక్కడ దాన్ని అయస్కాంతంగా మార్చే పరిశ్రమ లేకపోయింది మరి! విశాఖలో 2023లో ప్రారంభమైన ఐఆర్ఈఎల్ అయస్కాంత కేంద్రం సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. అవీ సమేరియం-కోబాల్ట్ రకమే, బండ్ల మోటార్లకు వాడే నియోడిమియం రకం కాదు. పైగా మన మోనజైట్‌లో డిస్ప్రోసియం చాలా తక్కువ. అది ఎక్కువగా దక్షిణ చైనా, మయన్మార్ బంకమట్టి నిక్షేపాల నుంచే వస్తోంది. కాబట్టి డిస్ప్రోసియం వాడకాన్ని తగ్గించే పద్ధతులు, పాత మోటార్ల నుంచి అయస్కాంతాలను తిరిగి రాబట్టడం, ఫెర్రైట్‌తో నడిచే మోటార్ల రూపకల్పన మనకు తప్పనిసరి.

2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాల తయారీ లక్ష్యంగా 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. మంచి అడుగే. అయితే ఫ్యాక్టరీ కట్టించినంత మాత్రాన అది నిలుస్తుందన్న భరోసా లేదు. చైనా సరుకు చౌకగా వచ్చిపడిన రోజు మన సరుకును కొనేదెవరు? అమెరికా ఇందుకు 2025 జూలైలో ఒక ఏర్పాటు చేసింది. మౌంటెన్ పాస్‌ను ఇప్పుడు నడుపుతున్న కంపెనీకి నియోడిమియం-ప్రసియోడిమియంపై పదేళ్లపాటు కిలోకు 110 డాలర్ల కనీస ధర దక్కేలా రక్షణశాఖ పూచీ పడింది. మన రైతుకు మద్దతు ధర లాంటిదన్నమాట.

మన దగ్గర ఖనిజం ఉంది, చదువుకున్న రసాయన ఇంజినీర్లు ఉన్నారు, ఏటా పెరుగుతున్న వాహన మార్కెట్ ఉంది. వీటిని కలపాల్సింది దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలే. ధర పడిపోయిన ఏడాదిలోనూ మన అయస్కాంతాన్నే కొంటామని వాహన కంపెనీలు, ప్రభుత్వం ఇప్పుడే రాసివ్వాలి. ఆ పని చేయకపోతే మరో ఎగుమతి ఉత్తర్వు వచ్చిన రోజు మళ్లీ ఇవే ఫ్యాక్టరీలు ఆగుతాయి.