ఇఱుకైన ఆకాశములో ఎక్కువ మాటలు



సూర్యాపేటకుఁ జేరువనున్న దురాజ్‌పల్లిలో రెండేండ్లకొకమాఱు జరుగు పెద్దగట్టు జాతరను మీరెఱుఁగుదురు. లక్షలాది జనులు గూడిన యట్టి తావుల సెల్‌ఫోను మూగవోవుట మనకందఱకు ననుభవమే. టవరు పాడుకాకపోయినను రేడియో తరంగములకుఁ జోటు చాలదు.

స్పెక్ట్రము భూమివంటిది, మనము దానిని పెంపఁజాలము. ఒకే తావున నొకే పౌనఃపున్యముపై నిరువురు పలికినచో మాటలు కలగాపులగమగును. కావుననే ప్రభుత్వము దానిని ముక్కలుగా వేలము వేయును. స్పెక్ట్రము వెడల్పును, రొదకంటె సంకేతమునకుఁ గల బలమును బట్టి, అందు పంపఁదగిన వార్తకొక మేర గలదని 1948లో క్లాడ్ షానన్ అను అమెరికా గణితవేత్త నిరూపించెను. ఉన్న చోటనే యెక్కువ వార్తను నింపుటకు మూఁడుపాయములు గలవు.

మొదటిది, తరంగమునకు గుణింతము నేర్పుట. కకారమునకు గుడియో కొమ్మో చేర్చిన, క్రొత్త చోటక్కఱలేకయే ధ్వని మాఱును. అట్లే తరంగముయొక్క బలమును, దశను మార్చి 256 రూపములు కల్పించినచో, ఒక్కొక్క రూపము 8 బిట్లను మోయును. కాని రొద హెచ్చినచో నీ రూపములు గుర్తింప శక్యముగాక తప్పులు దొరలును. కావున నిది టవరునకు దగ్గఱనున్నవారికే చక్కఁగాఁ బనిచేయును.

రెండవది, ఒకే పౌనఃపున్యమును పలుచోట్ల వాడుట. సూర్యాపేటలో వాడినదానినే కోదాడలోను, మిర్యాలగూడలోను వాడవచ్చును. దూరమువలన నవి కలిసిపోవు. పట్టణములోనే తక్కువ బలముగల చిన్న టవర్లు పెక్కు నిలిపిన నిదే లాభము గలుగును.

మూఁడవది, చెవులను పెంచుట. కన్నులు మూసికొన్నను, రెండు చెవులుండుటచే నే మూలనుండి పలికిరో తెలిసికొందుము. టవరుపైఁ బదులకొలది యాంటెనాలమర్చినచో, ఒకే పౌనఃపున్యముపై వచ్చు పలువురి సంకేతములను వేఱుపఱుపవచ్చును. పొల్లాచ్చిలో జన్మించిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్‌గారు ఇట్టి బహు యాంటెనాల విద్యకు అమెరికాలోఁ బునాది వేసి, 2014లో మార్కోనీ బహుమానమందిరి.

మన రాష్ట్రమునను ఈ కృషి జరిగినది. 2022 మే 17న ప్రారంభమైన స్వదేశీ 5జి పరీక్షాకేంద్రమును నిర్మించిన ఎనిమిది సంస్థలలో, కందియందున్న ఐ.ఐ.టి. హైదరాబాదు ఒకటి. హెచ్చుతగ్గులు తక్కువగాఁ గల తరంగరూపముపైనను అచ్చట పరిశోధన జరిగినది. అట్టి తరంగమైనచో ఫోను తన పూర్తి బలముతో పలికి దూరపు టవరును జేరఁగలదు.

ఇది యేల ముఖ్యము? పట్టణమునకు సమ్మర్దము, పల్లెకు దూరము ఇబ్బంది. 2020లో బడులు మూయఁబడినప్పుడు, పాఠము వినుటకై సిగ్నలు వెదకుచు మిద్దెలెక్కిన పిల్లలను మఱువలేము. ఒక్క పట్టణములకే చోటు చేసిన విద్య సగము విద్యయే.

కావున విద్యార్థులారా, త్రికోణమితి యెందులకని విసుగు చెందకుఁడు. తరంగముల గుణింతమంతయు సైను, కొసైనులలోనే యున్నది!