మీకు తెలుసా? ఇసుకలో నిదురించు చేప

హిందూ, పసిఫిక్ మహాసముద్రముల పగడపు దిబ్బల నడుమ సంచరించు లెపర్డ్ ర్యాస్ అను చేప, 15 సెంటీమీటర్లకు మించి పెరుగనిదయ్యును, ఇండ్లలో ఉప్పునీటి అక్వేరియములను పోషించువారి నేర్పును మిక్కిలి పరీక్షించు సుకుమారజీవి. చీకటి పడునంతలో ఇది మూతిని ముందుకు చాచి, దేహమును మెలిత్రిప్పుచు, క్షణములో ఇసుకలోనికి దూరి, తెల్లవాఱువఱకు అందే విశ్రమించును. కావున తొట్టి అడుగున మెత్తని ఇసుక కనీసము 5 సెంటీమీటర్ల మందమున ఉండవలయును. గరుకు రాళ్లయినను, వట్టి గాజు అడుగయినను దాని దవడను గాయపఱచవచ్చును. దవడ చెడిన చేప తిండి తినజాలక క్షీణించును.

దూరసముద్రమునుండి వచ్చిన క్రొత్త చేప, తన జన్మస్థలపు రేయింబవళ్ల లెక్కను వెంటనే విడువలేక, పట్టపగలు దాగి, దీపములార్పిన పిదప వెలికివచ్చుటయు కలదు. కొన్నిదినములు కానరాలేదని ఇసుకను కెలకుట తగదు. ఆ బెదురే దానికి ప్రాణాంతకము కావచ్చును.

తిండి మాట మఱింత కష్టము. సముద్రమున ఇది రాతిపై అంగుళమంగుళమును కంటితో వెదకి, ఫొరామినిఫెరా అను సున్నపు గుల్లల సూక్ష్మజీవులను, చిఱునత్తలను ఏఱుకొని, గొంతులోని దంతములతో నూఱి మ్రింగును. అందుచేత కోపెపాడులు అను చిఱు జలజీవులు సమృద్ధిగా పెరిగిన పాత తొట్టియే దీనికి తగిన నెలవు. దీని మఱియొక వింత యేమనగా, గుంపులో మగచేప లేనప్పుడు పెద్ద ఆడచేపయే క్రమముగా మగదియై, ఒంటి వర్ణములను సైతము మార్చుకొనును.