గల్ఫ్ స్కూల్లో టీచర్ కొలువు: సంతకానికి ముందు చూడాల్సినవి

బీఈడీ పూర్తిచేసి, డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తూ, ఈలోగా ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పాఠాలు చెప్పే టీచర్లు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. లెక్కలో, సైన్సో, ఇంగ్లిషో గట్టిగా చెప్పగలిగినవాళ్లకు ఏదో ఒక రోజు దుబాయ్ నుంచో మస్కట్ నుంచో ఒక అవకాశం కబురు అందుతుంది. వినగానే ఇంట్లోవాళ్లు అడిగేది ‘నెలకెంత?’ అని. టీచర్ మనసులోనూ అదే ప్రశ్న ఉంటుంది. జీతం కోసమే సముద్రం దాటుతున్నప్పుడు ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ నెల జీతం అనే ఒక్క అంకె మీద నిర్ణయం తీసుకున్నవాళ్లు ఆ డబ్బు విషయంలోనే నష్టపోతున్నారు. స్కూలు ఎవరి చేతిలో ఉంది, అక్కడ ఏ సిలబస్ నడుస్తోంది, టీచర్‌ని ఏ ఒప్పందం కింద తీసుకుంటున్నారు అనే మూడు సంగతులే చేతికందే డబ్బునూ, మిగిలే డబ్బునూ, తర్వాత దొరికే ఉద్యోగాన్నీ తేలుస్తాయి. అందుకే జీతం సంగతి నాలుగో ప్రశ్నగా రావాలని నేనంటాను.

ముందుగా స్కూలు ఎవరిదన్న సంగతి. ఇంటర్నేషనల్ స్కూలు అనే ఏర్పాటు పుట్టింది వ్యాపారం కోసం కాదు. నానాజాతి సమితిలో, అంతర్జాతీయ కార్మిక సంస్థలో పనిచేయడానికి జెనీవా వచ్చిన ఉద్యోగుల పిల్లల కోసం 1924లో అక్కడి ఇంటర్నేషనల్ స్కూలు మొదలైంది. దేశాలు మారుతూ ఉండే కుటుంబాల పిల్లలకు ఎక్కడైనా చెల్లే చదువు ఉండాలన్న ఆలోచన సాగి సాగి, 1968లో అదే నగరంలో ఇంటర్నేషనల్ బాకలారియేట్‌గా, అంటే మనం ఐబీ అని పిలుచుకునే పద్ధతిగా, రూపం కట్టింది. తల్లిదండ్రులో ట్రస్టులో లాభాపేక్ష లేకుండా నడిపే అలాంటి స్కూళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఇవాళ గల్ఫ్‌లోనూ తూర్పు ఆసియాలోనూ టీచర్లను పెద్ద ఎత్తున తీసుకునేవాటిలో చాలాభాగం కంపెనీలవి. దుబాయ్‌లో స్కూళ్లు నడిపే తలీమ్ అనే సంస్థ 2022లో అక్కడి స్టాక్ మార్కెట్లో షేర్లు కూడా అమ్మింది. కంపెనీ స్కూలన్నంత మాత్రాన చెడ్డదని కాదు. జీతాలు సమయానికి ఇచ్చి, శిక్షణ ఇప్పించి, గ్రూపులోనే ఒక స్కూలు నుంచి మరో స్కూలుకు మారే వీలు కల్పించేవి వాటిలో ఉన్నాయి. కాకపోతే ఫీజులకూ టీచర్ల జీతాలకూ నడుమ వాటాదారుల లాభం కూడా ఉంటుందనీ, అడ్మిషన్లు తగ్గిన ఏడాది కోత ముందుగా స్టాఫ్ మీద పడవచ్చనీ తెలిసి చేరడం మంచిది.

ఇంకో రకం మనకు బాగా దగ్గరది. మన దేశం బయట సీబీఎస్ఈ గుర్తింపు ఉన్న స్కూళ్లు రెండు వందలకు పైగా ఉన్నాయి, ఎక్కువ గల్ఫ్‌లోనే. జెడ్డా, రియాద్‌లలో భారత రాయబార కార్యాలయం ఛత్రచ్ఛాయలో నడిచేవీ, ఒమన్‌లో బోర్డుల కింద నడిచే ఇండియన్ స్కూళ్లూ వీటిలోవే. మన బీఈడీకీ, మన బోర్డు అనుభవానికీ నేరుగా విలువ ఉండేది ఇక్కడ. పిల్లల తల్లిదండ్రులు మధ్యతరగతి భారతీయులు కాబట్టి ఫీజులు తక్కువ. ఫీజులు తక్కువ కాబట్టి జీతాలూ తక్కువ, క్లాసులో పిల్లలు ఎక్కువ. అదే ఊళ్లోని బ్రిటిష్ సిలబస్ స్కూల్లో జీతం దీనికి ఎన్నో రెట్లు ఉండవచ్చు. ‘దుబాయ్‌లో టీచర్‌కి ఎంత వస్తుంది?’ అన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఉండదు. అడగాల్సింది ‘ఏ స్కూల్లో?’ అని.

ఆ స్కూలు ఎలాంటిదో ఇక్కడ కూర్చుని తెలుసుకోవడం ఎలా అన్న సందేహం సహజం. దుబాయ్ విషయంలో ఇది అనుకున్నంత కష్టం కాదు. అక్కడి ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ 2008 నుంచి స్కూళ్లను తనిఖీ చేసి, ‘అవుట్‌స్టాండింగ్’ నుంచి ‘వెరీ వీక్’ దాకా ఆరు మెట్లలో దేన్ని ఎక్కడ నిలబెట్టిందో నివేదికతో సహా అందరికీ అందుబాటులో పెడుతూ వచ్చింది. తల్లిదండ్రులు పై గ్రేడు చూసి పక్కన పెట్టేస్తారు. టీచర్ చదవాల్సింది స్కూలు వివరాలుండే మొదటి పేజీల్లోని చిన్న పట్టిక. అందులో టీచర్లు ఎంతమంది, ఒక్కో టీచర్‌కి పిల్లలు ఎంతమంది, టీచర్లలో ఎక్కువమంది ఏ దేశంవాళ్లు అని ఉంటుంది. వీటి పక్కనే, ఏడాదిలో నూటికి ఎంతమంది టీచర్లు మారారో కూడా ఉంటుంది. నా దృష్టిలో నివేదిక మొత్తానికి కీలకమైన అంకె ఇదే. వలస జనం ఉండే నగరం కాబట్టి ఏటా కొందరు వెళ్లిపోవడం అక్కడ మామూలే. కానీ స్టాఫ్‌లో మూడో వంతు ఒకే ఏడాది వదిలిపోయిన స్కూలు ‘గుడ్’ గ్రేడులో ఉన్నా సరే, ఎందుకు పోయారో కనుక్కోకుండా సంతకం పెట్టకూడదు. 2024-25లో పూర్తిస్థాయి తనిఖీలు ఆపేశారు కాబట్టి నివేదిక మీద ఏ ఏడాది ఉందో కూడా చూసుకోవాలి. అబుదాబికి విడిగా తనిఖీ వ్యవస్థ ఉంది. ఇలాంటి నివేదికలు లేని దేశాల్లో, సీఐఎస్ లాంటి సంస్థల గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థల జాబితాలోనే సరిచూసుకోవచ్చు. స్కూలు గేటు మీద వేసుకున్న లోగోను నమ్మాల్సిన పనిలేదు.

ఇప్పుడు జీతం దగ్గరికి వద్దాం. రెండు స్కూళ్లు నెలకు 7,000 దిర్హాముల చొప్పున ఇస్తామన్నాయనుకుందాం. ఒక స్కూలు అందులో 5,000 బేసిక్‌గా, మిగతాది అలవెన్సులుగా చూపింది. రెండోది బేసిక్ 3,000 వేసి, 4,000 అలవెన్సుల్లో సర్దింది. నెలనెలా బ్యాంకులో పడేది సమానమే. తేడా తెలిసేది ఉద్యోగం వదిలే రోజున. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండినవాళ్లకు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపైన ఏడాదికి 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ రావాలి. దాన్ని లెక్కగట్టేది మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద. మొదటి టీచర్‌కి ఏడాదికి 3,500, ఐదేళ్లకు 17,500 దిర్హాములు వస్తాయి. రెండో టీచర్‌కి ఏడాదికి 2,100, ఐదేళ్లకు 10,500. ఒక నెల జీతమంత సొమ్ము ఆఫర్ లెటర్‌లోని ఒక్క గడి వల్ల పోయింది. పైగా పోయిందన్న సంగతి ఐదేళ్లదాకా తెలియదు.

ఇంతకన్నా పెద్ద తేడా తెచ్చేవి ఇల్లు, పిల్లల ఫీజు, విమానం టికెట్లు. స్కూలే ఇల్లు ఇస్తుందా, అలవెన్సు ఇచ్చి చేతులు దులుపుకుంటుందా? ఇస్తే సొంత ఫ్లాటా, మరో టీచర్‌తో పంచుకోవాలా? పిల్లల ఫీజులో రాయితీ ఎంతమందికి, ఎంత శాతం? ఆరోగ్య బీమా టీచర్‌కి మాత్రమేనా, కుటుంబానికి కూడానా? వేసవి సెలవుల రెండు నెలలకూ జీతం ఉందా? ఇద్దరు పిల్లలున్న టీచర్‌కి ఎక్కువ జీతం ఇచ్చే స్కూలుకన్నా, తక్కువ జీతంతో ఇద్దరికీ ఫీజు మాఫీ చేసే స్కూలే లాభం కావచ్చు. పెళ్లికాని టీచర్‌కి అదే మాఫీ ఎందుకూ పనికిరాదు. కాబట్టి ‘మంచి ప్యాకేజీ’ ఏదో పక్కింటివాళ్లు చెప్పలేరు. ఎవరి ఇంటి ఖర్చు పట్టి వాళ్లు, నెలాఖరుకు మిగిలేదెంతో కాగితం మీద వేసుకోవాల్సిందే.

మన ఆడవాళ్ల విషయంలో ఇక్కడొక మెలిక ఉంది. దానిమీద జరగాల్సినంత చర్చ జరగడం లేదు. భర్త ఉద్యోగం వల్ల డిపెండెంట్ వీసా మీద వెళ్లి, అక్కడ స్కూల్లో చేరే తెలుగు టీచర్లు చాలామంది. వాళ్లను స్కూళ్లు ‘లోకల్ హైర్’ కింద తీసుకుంటాయి. ఇల్లు భర్త కంపెనీ చూసుకుంటుంది కదా, టికెట్ ఎలాగూ ఉంటుంది కదా అన్న వాదనతో, విదేశం నుంచి నేరుగా రప్పించిన టీచర్‌కి ఇచ్చే సౌకర్యాల్లో సగానికి పైగా వీళ్లకు ఉండవు. ఒకే స్టాఫ్ రూమ్, ఒకే పీరియడ్లు, ఒకే రిపోర్టు కార్డులు, అయినా వేరే జీతం. ఇల్లు ఇవ్వకపోవడానికి ఒక కారణం చెప్పుకోవచ్చు. బేసిక్ తగ్గించడానికి మాత్రం ఏ కారణమూ లేదు. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకూ స్కూలు వర్క్ పర్మిట్ తీసుకోవాలి, రాతపూర్వకమైన ఒప్పందం ఇవ్వాలి. ఇల్లూ టికెట్టూ వద్దనుకున్నా బేసిక్, ఫీజు రాయితీ ఈ రెండింటి దగ్గర గట్టిగా మాట్లాడటం న్యాయం. ‘ఇంట్లో ఖాళీగా కూర్చునేకన్నా నయం’ అని ఒప్పేసుకోవడం వల్ల ఆ తర్వాత వచ్చే టీచర్ జీతం కూడా అక్కడే ఆగుతుంది.

‘ఎంచుకోవడాలూ బేరాలూ బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు, మనకు దొరికిందే మహాభాగ్యం’ అనేవాళ్లున్నారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఒకే అర్హత ఉన్నా పాస్‌పోర్టును బట్టి జీతం మారే స్కూళ్లు ఉన్నాయి. ఇంగ్లిష్ టీచర్ పోస్టుకు ఫలానా దేశాలవాళ్లే కావాలని ప్రకటనలో రాసే స్కూళ్లూ ఉన్నాయి. ఇది అన్యాయం, దానికి వేరే పేరు లేదు. కానీ మనకు తలుపులు తక్కువ కాబట్టి ఏ తలుపైనా ఫర్వాలేదన్న ముగింపు ఇందులోంచి రాదు. చేతిలో సొమ్ము లేనివాళ్లకే తప్పుడు ఎంపిక ఖరీదు ఎక్కువ. అప్పుచేసి వెళ్లి ఆరు నెలల్లో తిరిగొచ్చిన టీచర్‌కి ఇక్కడి ఉద్యోగమూ ఉండదు, అప్పూ తీరదు. పైగా ఈ రంగంలో మొదటి స్కూలు రెండో స్కూలును నిర్ణయిస్తుంది. ప్రతి దరఖాస్తుకూ పాత ప్రిన్సిపాల్ రిఫరెన్సు అడుగుతారు. ఐబీ, కేంబ్రిడ్జి స్కూళ్లు ఆ పద్ధతిలో ముందే పాఠం చెప్పినవాళ్ల కోసం చూస్తాయి. హైదరాబాద్‌లోనే ఇలాంటి స్కూళ్లు ఉన్నాయి. గల్ఫ్‌లోని అనామక స్కూల్లో తక్కువ జీతానికి రెండేళ్లు గడిపేకన్నా, ఇక్కడ కేంబ్రిడ్జి సిలబస్‌లో రెండేళ్లు చెప్పి బయల్దేరితే దారి పెద్దదవుతుంది.

అర్హత పెంచుకునే వీలు కూడా ఈమధ్య కొంత మెరుగైంది. ఇంగ్లండ్‌లో టీచర్‌గా గుర్తింపునిచ్చే క్యూటీఎస్‌కు మన దేశపు టీచర్లు 2023 నుంచి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే అర్హత ఉన్నవాళ్లకు ఈ అవకాశం. బ్రిటిష్ సిలబస్ స్కూళ్లు పాస్‌పోర్టు తర్వాత చూసేది దీన్నే. ఆన్‌లైన్లో జోరుగా అమ్ముడవుతున్న పీజీసీఈ-ఐ కోర్సు మంచి శిక్షణ ఇవ్వవచ్చు కానీ, దానంతటదే క్యూటీఎస్ ఇవ్వదు. లక్షలు కట్టేముందు ఈ తేడా తెలియాలి.

ఉద్యోగాలు వెతికే కాలం గురించి మనవాళ్లకు తగినంత సమాచారం అందడం లేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే స్కూళ్లు అంతకుముందు శరదృతువు నుంచే ప్రకటనలు ఇస్తాయి. జనవరి, ఫిబ్రవరిల్లో నియామకాలు ముమ్మరం. మే, జూన్‌లలో మిగిలేవి ఎక్కువగా అనుకోకుండా ఖాళీ అయినవి, లేదా ఎవరూ చేరనివి. గల్ఫ్‌లోని సీబీఎస్ఈ స్కూళ్లకు విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలు కాబట్టి వాటి లెక్క వేరు. సెర్చ్ అసోసియేట్స్, టెస్ లాంటి వేదికలూ, స్కూళ్ల సొంత వెబ్‌సైట్లూ నమ్మదగిన దారులు. ప్రభుత్వం తరఫున తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ ఉన్నాయి. ఊళ్లో తెలిసిన ఏజెంటు ద్వారా వెళ్తే ముందు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో అతని లైసెన్సు చూడాలి. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. నియామకం ఖర్చు ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదని యూఏఈ చట్టమూ చెబుతోంది. ‘ముందు విజిట్ వీసా మీద రండి, అక్కడ మారుద్దాం’ అన్న మాట వినపడితే అక్కడితో ఆపేయాలి. విజిట్ వీసా మీద పాఠం చెప్పడం చట్టవిరుద్ధం, దొరికితే చిక్కుల్లో పడేది టీచరే.

కాగితాల పని నెలలు తింటుంది కాబట్టి ఆఫర్ రాకముందే మొదలుపెట్టాలి. యూఏఈ అపోస్టిల్‌ను అంగీకరించే ఒప్పందంలో చేరిన దేశం కాదు. డిగ్రీ, బీఈడీ సర్టిఫికెట్లు రాష్ట్రం, మన విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం, చివరికి అక్కడి విదేశాంగ శాఖ దాకా అన్ని ముద్రలూ దాటాలి. ఒమన్, బహ్రెయిన్, 2022 చివర్లో చేరిన సౌదీ అపోస్టిల్‌తో సరిపెట్టుకుంటాయి. పోలీసు క్లియరెన్సు కూడా తప్పదు. అనేక దేశాల ఇంటర్నేషనల్ స్కూళ్లలో దశాబ్దాలపాటు పిల్లలపై లైంగిక దాడులు చేసిన ఒక అమెరికన్ టీచర్ వ్యవహారం 2014లో బయటపడ్డాక ఈ తనిఖీలు చాలా కఠినమయ్యాయి. పనిచేసిన ప్రతి దేశం నుంచీ సర్టిఫికెట్ అడుగుతున్నారు. దేశం వదిలే ముందే అది తీసుకోవడం సులువు, వచ్చేశాక దూరం నుంచి తెప్పించుకోవడం తలనొప్పి.

ఒప్పందంలో అందరూ దాటేసే పేజీ ఉద్యోగం వదలడం గురించినది. యూఏఈలో ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఆ గడువులో స్కూలు 14 రోజుల నోటీసుతో తీసేయవచ్చు. టీచర్ దేశం వదిలి వెళ్లాలన్నా 14 రోజులు ముందు చెప్పాలి, అక్కడే మరో స్కూలుకు మారాలంటే నెల. చెప్పకుండా వచ్చేస్తే ఏడాదిపాటు వర్క్ పర్మిట్ ఇవ్వరు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే హక్కు స్కూలుకు లేదు, ‘భద్రంగా ఉంచుతాం’ అన్నా ఇవ్వనక్కర్లేదు. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అన్నప్పుడు మనవాళ్లు మర్యాదకొద్దీ ‘ఏమీ లేదండీ’ అనేస్తారు. అడగాల్సింది అక్కడే: ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ముందున్న టీచర్ ఎన్నేళ్లు చేశారు, ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న భారతీయ టీచర్ ఒకరితో మాట్లాడే వీలుందా? నమ్మకమున్న స్కూలు ఆ సాయంత్రానికే ఒక నంబరు పంపుతుంది. ఆ టీచర్‌ని అడగాల్సిందీ జీతం గురించి కాదు. వారానికి ఎన్ని పీరియడ్లు, పోయిన జూన్‌లో ఎంతమంది వెళ్లిపోయారు, వెళ్లినవాళ్లకు గ్రాట్యుటీ ఎన్నాళ్లకు చేతికొచ్చింది అని.