మీకు తెలుసా? ఫోన్ కొలిచింది, రోబో చెక్కింది
దాదాపు 2,450 ఏళ్ల కిందట ఏథెన్స్‌లో ఉలితో చెక్కిన ఒక పాలరాతి గుర్రం తలకు 2022లో ఇటలీలో రోబో నకలు చెక్కింది. దానికి కావలసిన కొలతలన్నీ తీసినవి మామూలు ఐఫోన్లు, ఐప్యాడ్‌లే!

పార్థెనాన్ ఆలయం తూర్పు ముఖాన చంద్రదేవత సెలీనీ రథాన్ని లాగిన గుర్రం ఇది. రాత్రంతా పరుగెత్తిన అలసట దాని ముఖంలో కనిపిస్తుంది. ఉబ్బిన కళ్లు, విచ్చుకున్న ముక్కుపుటాలు, వేలాడే దవడ. రాతిలో ఇంత ప్రాణం పోసిన ఆ శిల్పికి చేతులెత్తి మొక్కాలి. కళ్లెం బిగించడానికి అప్పట్లో తొలిచిన రంధ్రాలు కూడా ఇంకా ఉన్నాయి.

ఈ తల 1816 నుంచి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం సొత్తు. స్కాన్ చేస్తామని ఆక్స్‌ఫర్డ్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిజిటల్ ఆర్కియాలజీ అడిగితే మ్యూజియం ఒప్పుకోలేదు. దాంతో ఆ సంస్థవాళ్లు మామూలు సందర్శకుల్లాగే లోపలికి వెళ్లి, ఫోన్లలోని, లేజర్ కాంతితో దూరాలు కొలిచే లైడార్ సెన్సర్‌తో, అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలతో త్రీడీ నమూనా తయారుచేశారు.

ఆ నమూనా పాలరాతి గనులకు పేరుపడ్డ ఇటలీలోని కరారా చేరింది. సీఎన్‌సీ పద్ధతిలో రోబో చేతికి బిగించిన పనిముట్టు గిర్రున తిరుగుతూ, కంప్యూటర్ చెప్పిన దారిలో రాతిని పొరలు పొరలుగా తొలిచింది. అయితే అక్కడి వర్క్‌షాపుల్లో రోబో చెక్కిన బొమ్మలకు చివరి మెరుగులు దిద్దేది ఇప్పటికీ శిల్పులే.