చల్లదనం ఎక్కడ ఆగిపోయింది?

కారులో ఏసీ ఉండడం వేరు, అది చివరిదాకా చల్లగా ఉండడం వేరు. ఈ తేడా నాకు పోయిన ఏప్రిల్‌లో రాబర్ట్‌సన్‌పేట నుంచి లక్కూరు వెళ్తున్నప్పుడు తెలిసివచ్చింది.

మాలూరు తాలూకాలోని లక్కూరు మా నాయన పుట్టిన ఊరు. ఆయనకు ఎనభై ఏళ్లు దాటాయి. కోలారు బంగారు గనుల్లో పనిచేసి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్నారు. రాతి ధూళి పీల్చిన ఊపిరితిత్తులు కావడంతో వేడికి, దుమ్ముకు ఇట్టే ఆయాసం వస్తుంది. అయినా ఏడాదికొకసారి అన్నదమ్ముల పిల్లల్ని చూడందే ఆయనకు తోచదు.

బయలుదేరినప్పుడు కారు హాయిగా ఉంది. అరగంట గడిచేసరికి గాలి సన్నబడింది. మాలూరు చేరేలోపల పూర్తిగా నిలిచిపోయింది. అద్దాలు దించితే వడగాలి, ఎర్రదుమ్ము. నాయన దగ్గు ఊరు చేరేదాకా ఆగలేదు. అరుగు మీద కూర్చుని, "వచ్చే ఏడు నన్ను పిలవద్దప్పా" అన్నారు. ఆ మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

అప్పటికే ఒక షెడ్డులో రెండుసార్లు గ్యాస్ నింపించి ఉన్నాను. చల్లదనం తగ్గిందనగానే గ్యాస్ అయిపోయిందనుకోవడం మనకు అలవాటు. నిజానికి ఆ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ లోపలి వేడిని తీసుకుపోయి బయట వదులుతుంది. మాటిమాటికీ తగ్గుతున్నదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ఆ చోటు వెతక్కుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

మరునాడు పొద్దున నాయనే అడిగారు. "గాలి వస్తా ఉండి వేడిగా ఉండిందా, లేకుంటే గాలే నిలిచిపోయిందా?"

ఆ ప్రశ్న గనిలోంచి వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అట్టడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. పైనుంచి చల్లబరిచిన గాలి పంపితేనే మనిషి పనిచేయగలిగేది. "యంత్రం చెడితే ఒక మందు, గాలిదారి మూసుకుంటే ఇంకో మందు" అన్నారు నాయన.

నాకప్పుడు గుర్తొచ్చింది. ఆగిపోయింది గాలే! పైగా కారు ఆపి పావుగంట తర్వాత మళ్లీ వేస్తే కాసేపు చల్లగా వచ్చింది. మాలూరులో ఒక మెకానిక్‌కు ఇదే చెప్పాను. అతను గ్యాస్ ఊసే ఎత్తకుండా గ్లవ్ బాక్స్ విప్పి ఫిల్టర్ బయటికి లాగాడు. "చూడండన్నా, మాలూరు పెంకు కూడా ఇంత ఎర్రగా ఉండదు!" అన్నాడు. దుమ్ము, నీలగిరి ఆకుల ముక్కలు అట్టకట్టి ఉన్నాయి.

డ్యాష్‌బోర్డు వెనక ఉండే ఎవాపరేటర్ అనే జాలీ మీదుగా గాలి ధారాళంగా పోకపోతే, దాని మీది చెమ్మ మంచుగా గడ్డకట్టి దారి మూసేస్తుంది. గడ్డకట్టేముందే కంప్రెసర్‌ను ఆపడానికి ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. మా కారులో అదీ పాడైంది. రెండూ మార్చాక జబ్బు కుదిరింది. ఖర్చు రెండుసార్లు గ్యాస్‌కు పెట్టినదానికంటే తక్కువే.

మీ కారుకూ ఇదే తంటా వస్తే, షెడ్డుకు పోయేముందు లక్షణం గమనించండి. గాలి తగ్గిపోయి, కాసేపు ఆపితే బాగుపడితే లోపల మంచు కడుతున్నదేమో. మొదట ఫిల్టర్ చూడండి. గ్యాస్ తక్కువైనా మంచు కట్టవచ్చు. కదులుతుంటే చల్లగా, ఆగితే వేడిగా ఉంటే ముందువైపు కండెన్సర్ ఫ్యానో, దాని జాలీలో పేరుకున్న మట్టో కారణం కావచ్చు. గాలి జోరుగానే ఉండి చల్లదనం వచ్చి పోతుంటే గొట్టాల్లో తేమ చేరిందేమో. వాక్యూమ్ పెట్టి పూర్తిగా లాగించాకే గ్యాస్ నింపించాలి.

గ్యాస్‌ను మాత్రం గాలిలోకి వదలనివ్వకండి. ఓజోన్ పొరను తినేసే పాత ఆర్-12ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం పక్కకు తప్పించింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయకపోయినా, బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. మన కారు చల్లబడడానికి ఊరంతా వేడెక్కడం న్యాయం కాదు కదా!

మే నెలలో లక్కూరులో మా చిన్నాన్న మనవరాలి పెళ్లి. నాయన మొదట రానన్నారు. చివరికి తువ్వాలు భుజాన వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. అద్దాలు దించకుండానే ఊరు చేరాం. దిగుతూ ఆయన అన్నది ఒకటే మాట: "ఇంత చలి పెట్టొద్దురా, మోకాళ్లు నొస్తాయి."