క్రీడాచిత్రాలు - మైదానం బయటి లెక్క

ఆటల సినిమా అనగానే మన విమర్శకుల్లో చాలామంది పెదవి విరుస్తారు. చివరి బంతికి గెలుపు, చివరి నిమిషంలో కప్పు. ఇందులో వస్తువేముంది, శిల్పమేముంది అంటారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. పుంగనూరులో పుట్టి, కుప్పంలో కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు మదనపల్లెలో తెలుగు పాఠాలు చెప్పుకుంటున్న నాకు క్రికెట్ నిబంధనలు నేటికీ పూర్తిగా తెలియవు. అయినా 2019లో 'జెర్సీ' చూస్తుంటే నా పక్కవారితోపాటు నాకూ కళ్ళు చెమర్చాయి. ఎందుకన్నది ఆలోచించవలసిన విషయమే.

నాయకుడు గెలుస్తాడని టికెట్టు కొన్నప్పుడే ప్రేక్షకుడికి తెలుసు. కాబట్టి అతణ్ణి కూర్చోబెట్టేది గెలుపొక్కటే అనుకోలేం. కబడ్డీలో గీత దాటితే ఊరిపెద్ద కొడుకైనా, కూలివాని కొడుకైనా ఔటే. ఉద్యోగంలోనూ, అప్పులోనూ, వ్యాజ్యంలోనూ ఎక్కడా దొరకని ఆ సమానత్వం తెరమీద రెండున్నర గంటలసేపు దొరుకుతుంది. కానీ ఆ గీతదాకా రావడానికయ్యే ఖర్చు అందరికీ ఒకటి కాదు. ఆ ఖర్చును లెక్కగట్టి చూపిన చిత్రమే నేటి ప్రేక్షకుని మనసులో నిలుస్తున్నదని నా అభిప్రాయం. 'ఒక్కడు' (2003) నాయకుడు కబడ్డీ ఆటగాడే. అయితే అక్కడ కథను నడిపేది ఫ్యాక్షన్ తగాదా.

'జెర్సీ'లో దర్శకుడు గౌతమ్ తిన్ననూరి ఈ లెక్కను ఐదువందల రూపాయలతో మొదలుపెట్టాడు. కొడుకు అడిగిన జెర్సీకి ఉద్యోగం పోయిన తండ్రివద్ద అంత డబ్బు లేదు. ఇల్లు భార్య సంపాదనమీద నడుస్తున్నది. ముప్పయ్యారేళ్ళ వయసులో అతడు తిరిగి బ్యాటు పట్టినప్పుడు, ఆ ఐదువందల అవమానం మనకు ముందే తెలుసు కనుక ప్రతి పరుగూ బరువెక్కుతుంది. అదే సంవత్సరం వచ్చిన 'కౌసల్య కృష్ణమూర్తి' తమిళ 'కణా' (2018)కు పునర్నిర్మాణం. తమిళం వచ్చిన కుప్పం పిల్లలు కొందరికి కథ ముందే తెలుసు. రైతు తండ్రి అప్పునూ, కూతురి బౌలింగునూ జంటగా నడపడం మంచి ఊహే. చివరకు రైతు సమస్య ఉపన్యాసంగా మారడంతో అంతవరకూ కూడిన బలం కొంత సడలింది.

'దంగల్' (2016) సంగతి వేరు. ఆడపిల్లల కుస్తీకి ఊరు పెట్టే అడ్డంకులన్నీ అందులో ఉన్నాయి. చివరికొచ్చేసరికి మాత్రం ఓ శిక్షకుడు తండ్రిని గదిలో పెట్టి తాళం వేయిస్తాడు. అది కల్పన. దుర్మార్గం ఒక మనిషికి కుదించబడింది, బంగారు పతకంతో అదీ తీరిపోయింది. ఆ ఫోగట్ అక్కచెల్లెళ్ళ పినతండ్రి కూతురు వినేశ్, ఒలింపిక్ పతక విజేత సాక్షి మలిక్ 2023లో కుస్తీ సమాఖ్య అధ్యక్షునిపై లైంగిక వేధింపుల ఆరోపణలతో ఢిల్లీ వీధిలో బైఠాయించారు. మే 28న పోలీసులు వారిని ఈడ్చుకెళ్ళారు. పతకంతో తీరని ఈ ఘట్టానికి మన క్రీడాచిత్రాల కథాచట్రంలో చోటెక్కడ?

పుంగనూరు దగ్గరి బడిలో ఉన్నప్పుడు కబడ్డీ బాగా ఆడే అమ్మాయి ఒకతె ఉండేది. సెలవుల్లో తల్లితోపాటు టమోటా కోతకు పోయేది. దసరా సెలవుల్లో మూడురోజుల పోటీలకు పంపమని అడగడానికి వాళ్ళింటికి వెళ్ళాను.

"గెలిస్తే సర్టిఫికెట్టు ఇస్తారు, సరే సార్. మూడు దినాల కూలి పోతాది గదా, అదెవురిస్తారు?" అన్నది ఆ తల్లి.

ఉపాధ్యాయులం తలా కొంత వేసుకొని ఇచ్చాం. జట్టు రెండో ఆటలోనే ఓడి వచ్చింది. తర్వాత ఆ అమ్మాయి ఎవరి ఫోనులోనో 'దంగల్' చూసిందట. ఏం నచ్చిందమ్మా అని అడిగాను. చివరి కుస్తీ గురించి చెబుతుందనుకున్నాను.

"ఆ చిన్న పెండ్లికూతురు ఏడ్చేది సార్" అన్నది.