నాలుగంగుళాల ఫోము వేసినా నొప్పి ఎందుకు?

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. స్కూటర్ సీటు గట్టిగా ఉందని రెక్సిన్ విప్పి, కంపెనీ ఫోము తీసేసి, పరుపుల కొట్టులో కొన్న నాలుగంగుళాల మెత్తటి ఫోము కోసి పెట్టుకున్నారట. వీధి చివరిదాకా వెళ్లొస్తే హాయిగానే ఉంది. అరగంట ప్రయాణం చేసేసరికి మాత్రం పాత సీటే నయమనిపించింది. "మందం పెంచాను, మెత్తదనం పెంచాను, నొప్పి కూడా పెరిగింది. ఎందుకు?" అని అడిగారు. ఇంత మంచి ప్రశ్న వచ్చాక ఈ నెల ఇంకో విషయం రాయబుద్ధి కాలేదు.

శరీరం సంగతి క్లుప్తంగా చెబుతాను. కూర్చున్నప్పుడు బరువు పిర్రల మీద సమానంగా పడదు. కటి ఎముక అడుగున రెండు మొనలుంటాయి, చేత్తో తడిమితే తగులుతాయి. గట్టి బల్ల మీద కూర్చుంటే భారమంతా దాదాపు వాటిదే. మోటార్ సైకిల్ మీదైతే గుంత కనబడగానే ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి కాస్త లేవవచ్చు. స్కూటర్ మీద పాదాలు ముందున్న పలక మీద ఉంటాయి కనుక అలా లేవడం కుదరదు. వచ్చిన ప్రతి కుదుపునూ సీటే భరించాలి. 70 కిలోల మనిషి బరువులో ముప్పావు వంతు సీటు మీద పడి, 900 చదరపు సెంటీమీటర్ల మేర పరుచుకుందనుకోండి. సగటు ఒత్తిడి సుమారు 5.7 కిలోపాస్కళ్లు అవుతుంది. ఎముక మొనల కింద అంతకు చాలా ఎక్కువే. ఈ 5.7ను గుర్తుపెట్టుకోండి.

ఇక ఫోము. పాలియురెథేన్ రసాయనాన్ని 1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టింది. గట్టి పాలియురెథేన్ ఘనపు మీటరు సుమారు 1200 కిలోలు తూగుతుంది. సీటు ఫోము 40 కిలోలే తూగితే, అందులో పదార్థం మూడు శాతం చిల్లర, మిగిలినదంతా గాలి. సూక్ష్మదర్శినిలో చూస్తే బుడగల గోడలు చాలావరకు తెరుచుకుపోయి, అంచులు మాత్రమే మిగిలి ఉంటాయి. సన్నటి కాడలు ఒకదానికొకటి అతుక్కుని కట్టిన పంజరాలవి.

ఆ కాడలు ఎలా లొంగుతాయో చూడాలంటే ఒక ప్లాస్టిక్ స్కేలును బల్ల మీద నిలువుగా పెట్టి పైనుంచి అరచేత్తో నొక్కండి. మొదట అది బిగిసి నిలబడుతుంది. నొక్కుడు పెంచుతూ పోతే ఒక దశలో ఉన్నట్టుండి పక్కకు ఒంపు తిరుగుతుంది. ఆ తర్వాత ఇంకా ఒంచడానికి అదనపు బలం దాదాపు అక్కర్లేదు. ఆ ఒంపు ఏ భారం దగ్గర మొదలవుతుందో లియొనార్డ్ ఆయిలర్ 1744లో లెక్కగట్టాడు. కాడ పొడవు సగమైతే, తట్టుకునే భారం నాలుగింతలు.

ఫోములో ఇలాంటి కాడలు లక్షల్లో ఉంటాయి. మందంలో మొదటి 5 శాతం అణిగేవరకు అవి కొద్దికొద్దిగా వంగుతాయి, నొక్కిన కొద్దీ బలం పెరుగుతుంది. ఆ తర్వాత ఒక్కో వరుసా ఒంపు తిరగడం మొదలవుతుంది. అక్కణ్నుంచి సగం మందం అణిగేదాకా బలం పెద్దగా పెరగదు. గ్రాఫు గీస్తే అక్కడొక పీఠభూమి కనిపిస్తుంది. సుఖమంటూ ఉంటే అది ఈ పీఠభూమి మీదే ఉంది! ఎముక మొన కింద ఫోము లోతుగా దిగుతుంది, తొడ కింద పైపైనే దిగుతుంది, అయినా రెండు చోట్లా అది తిరిగి నెట్టే ఒత్తిడి ఇంచుమించు ఒకటే. స్ప్రింగుకు ఈ గుణం లేదు, రెట్టింపు దిగితే రెట్టింపు బలంతో నెడుతుంది. అంత తేలికైన, అంత చవకైన పదార్థం ఒత్తిడిని తనంతట తాను సమం చేసుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా అద్భుతమే.

పీఠభూమికి చివర ఉంది. ఒంపు తిరిగిన కాడలు ఒకదాన్నొకటి తాకగానే మధ్యలో గాలికి చోటుండదు. అక్కణ్నుంచి మనం నొక్కేది ఫోమును కాదు, ఉత్త ప్లాస్టిక్కును. బలం నిటారుగా ఎగబాకుతుంది.

ఖమ్మం పాఠకుడి సీటులో జరిగింది ఇదే. పరుపు ఫోము పీఠభూమి రెండు మూడు కిలోపాస్కళ్ల దగ్గర ఉంటే, 5.7 సగటు ఒత్తిడికి అది ఎప్పుడో దాటిపోతుంది. ఎముకల కింద ఇక చెప్పనక్కర్లేదు. మందం ఇక్కడ కాపాడదు, ఎందుకంటే ఫోము ఎన్నో వంతు అణగాలో నిర్ణయించేది ఒత్తిడి. మందం రెట్టింపైతే దిగే లోతూ రెట్టింపవుతుంది, చేరేది ఆ గట్టి దశకే. మొదటి నిమిషాల హాయికి కారణం కూడా ఫోములోనే ఉంది. అది ఒక్కసారిగా అణగదు, భారం మీద ఉన్నకొద్దీ మెల్లగా జారుతూ పోతుంది. అరగంటకు అడుగు తాకినంత పనవుతుంది, ఆ పైన వచ్చే ప్రతి గుంతా నేరుగా ఎముకకే.

ఫోము గట్టిదనం విషయంలో పొరబడ్డవాళ్లు చాలామంది. పరుపుల కొట్లలో "40 డెన్సిటీ అండీ, గట్టిగా ఉంటుంది" అంటారు. లోర్నా గిబ్సన్, మైకేల్ ఆష్బీ 1988లో అచ్చు వేసిన పుస్తకం ప్రకారం ఇలాంటి ఫోము బిరుసుదనం సాంద్రత వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. కానీ అది ఒకే పదార్థంతో చేసిన ఫోములను పోల్చినప్పటి మాట. రసాయనాల పాళ్లు మారిస్తే ఒకే సాంద్రతలో మెత్తటిదీ గట్టిదీ రెండూ చేయవచ్చు. సుద్దపొడి కలిపి బరువు పెంచిన ఫోము కూడా ఉంది. సాంద్రత చెప్పేది ప్రధానంగా మన్నిక గురించి, గట్టిదనం వేరే కొలత.

వైద్యంలో ఇంకో పొరపాటు దశాబ్దాలు బతికింది. 1930లో యూజిన్ లాండిస్ గోరు మొదట్లోని రక్తకేశనాళికల్లో పీడనం కొలిచి, ధమని వైపు సగటున 32 మిల్లీమీటర్ల పాదరసం అన్నాడు. తర్వాతివాళ్లు దాన్ని శరీరమంతటికీ అంటగట్టి, దాటితే ఒత్తిడి పుండ్లు తప్పవన్నట్టు మెత్తల తయారీకి గీటురాయిగా వాడారు. 32 అంటే 4.3 కిలోపాస్కళ్లే. ఆ లెక్కన స్కూటర్ ఎక్కిన ప్రతివాళ్లకూ పుండ్లు పడాలి. ఒత్తిడి ఎంత అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ చూడాలని 1959లో మైకేల్ కోసియాక్ ప్రయోగాలు చూపించాయి.

మెమరీ ఫోము అడిగేవాళ్లకు ఒక్క మాట. 1966లో నాసా కోసం విమాన సీట్లకు చార్లెస్ యోస్ట్ రూపొందించిన ఆ పదార్థం వేడికి మెత్తబడుతుంది. మే నెలలో విజయవాడ ఎండలో నిలిపిన నల్ల సీటు కింద దాని పీఠభూమి కుంగిపోతుంది. పైగా మితిమీరిన మెత్తదనానికి కంపనాల బెడద కూడా ఉంది. కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 6 సార్ల ఊపుకు అనునాదం చెందుతుంది. మెత్తటి ఫోము మీద మనిషి ఊగేదీ ఇంచుమించు 4 దగ్గరే. సీటు ఆ కుదుపును తగ్గించకపోగా పెంచుతుంది.

మరి ఇంట్లో ఏం చేయాలి? అచ్చు పోసిన కంపెనీ ఫోమును పారేయకండి. చాలాసార్లు లోపం దాని ఆకారంలోనే ఉంటుంది. గట్టి బల్ల మీద అట్టపెట్టె ముక్క వేసి కూర్చుంటే ఎముకల గుర్తులు రెండు గుంటలుగా పడతాయి. సీటు మీద ఆ చోట ఫోమును పలుచగా చెక్కి, గట్టి ఫోము ముక్క ఇమిడ్చి, పైన సెంటీమీటరు మెత్తటి పొర వేయండి. జిగురు అంచులకే రాయాలి, మధ్యలో రాస్తే ఎండి పలకలా బిగుస్తుంది. వాన కోసం పాలిథీన్ చుట్టేవాళ్లు అడుగున తెరిచి ఉంచాలి, ఫోములోంచి గాలి బయటికి పోవాలి కదా. సీటు ఎత్తు పెరిగితే ఆగినప్పుడు పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోండి. రెక్సిన్‌ను డప్పులా లాగి కుట్టించుకుంటారు చాలామంది. అలా బిగించిన తొడుగే బరువు మోస్తుంది, కింద ఉన్న ఫోము ఎంత మంచిదైనా పనిలోకి దిగదు.

నాకు కోపం తెప్పించేది ఒక్కటే. ఫోము గట్టిదనం కొలిచే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసమున్న పళ్లెంతో నొక్కి, మందంలో 25 శాతం దిగడానికి ఎంత బలం కావాలో, 65 శాతానికి ఎంత కావాలో చూస్తారు. ఆ అంకెలు కొట్టులో ఎవరూ చెప్పరు. కాబట్టి మీరే చూసుకోండి. పది సెంటీమీటర్ల మందం ఫోము మీద 20 సెంటీమీటర్ల గట్టి చెక్క బిళ్ల పెట్టి, దాని మీద నిండు 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ నిలబెట్టండి. ఒత్తిడి ఆరు కిలోపాస్కళ్ల పైచిలుకు, అంటే మనం లెక్కగట్టిన సీటు సగటు ఒత్తిడి 5.7కు కాస్త ఎక్కువ. పావుగంట ఆగి కొలవండి. బిళ్ల మూడు నాలుగు సెంటీమీటర్లు దిగి ఆగితే ఆ ఫోము కొనవచ్చు, ఆరు దాటితే అక్కడే వదిలేసి రండి.